కొలతల పుస్తకంలో బూరె

తొలేళ్ళకింకా మూడు రోజులుందనగా
హైమ వచ్చి గుమ్మంలో నిలబడింది,
చేతుల్లో పట్టని కుక్కతో.
"అత్తా, దీనికి పులేషం కుట్టీవా?"

అప్పటికి నా మిషను మీద
పండగ జాకెట్లు పదిహేడు.
కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది.
పొమ్మందామనే నోరు తెరిచేను గానీ
అది అప్పటికే నా టేపు చివర నాకుతోంది,
ఇంచీలు అంత రుచిగా ఉంటాయని
నాకిన్నాళ్ళూ తెలీదు.

"పేరు?"
"బూరె."
రాసుకున్నాను, అందరికీ రాసినట్టే,
కనకరత్నం గారి చేతి చుట్టుకొలత కింద:
మెడ పద్నాలుగు. ఛాతీ ఇరవై రెండు.
మెడ నుంచి తోక మొదలు దాకా పందొమ్మిది.
నిలబడమంటే పడుకుంటుంది,
చెయ్యెత్తమంటే షేక్‌హ్యాండిస్తుంది.
ఇలాంటి గిరాకీలు నాకు మనుషుల్లోనూ ఉన్నారు.

పసుపు లైనింగు ముక్కలు ఏడు అతికేను.
చారలకి నల్ల లంగా చింపేను, నాదే.
రంగు పూసేద్దామంది హైమ,
గురుమూర్తి మావయ్య పూసుకున్నట్టు ఒంటి నిండా.
"నాకీసిందంటే కడుపు పాడవుతాది" అన్నాను.
గురుమూర్తికైతే కిరసనాయిలుంది,
తోముకోడానికి చేతులున్నాయి.
పులి తల వద్దనుకున్నాం,
చెవులు మూస్తే దానికి ఊరు వినపడదని.

బొత్తాం ఎక్కడ పెట్టాలో చూద్దామని
వెల్లకిలా తిప్పేను.
పొట్ట కింద రెండు వరసలు,
ఉబ్బి, ఎర్రబడి.
"పిల్లలెన్నే?"
"నాలుగత్తా. ఐదోది పోయింది.
పిండిమిల్లు వెనకాలున్నాయి."

కత్తెర కింద పెట్టేను.
ఉల్లివీధిలో పాలిచ్చే వాళ్ళందరికీ
ముందు హుక్కుల జాకెట్లు కుట్టిన చెయ్యి ఇది.
అడక్కుండానే అర భాగం విప్పీసింది.
పొట్ట మొత్తం వదిలేసేను.
పులికి వీపు చాలు.
కింద రెండు నాడాలు,
లాగితే ఊడిపోయే ముడి.

సోమవారం రాత్రి
మూడు లాంతర్ల వైపు డప్పులు కదిలేయి.
మా వీధి పిల్లల వేషాలు మాత్రం
మలుపు దాటలేదు.
తవిటినాయుడి మేకపిల్ల
పోలీసు టోపీ తినేసి
మామూలు మేకై వచ్చింది.
చిట్టెమ్మ పిల్లి గోడెక్కిపోయింది
రాణిగారి ముత్యాల దండతో సహా.
బూరె మాత్రం నడిచింది, బుద్ధిగా,
మొదటి డప్పు దెబ్బ దాకా.

తర్వాత పులి పారిపోయింది.

హైమ ఏడుస్తూ ముందు,
దారపు రీలు చేత్తోనే నేను వెనక.
పిండిమిల్లు వెనక సందులో
వీధి దీపం కింద నాలుగు పిల్లలూ
పులిని చూసి ఆగిపోయేయి.
ఒకటి మొరగబోయి
పిండికి తుమ్మింది.
ముక్కులు ముందుకొచ్చేయి,
వెనక కాళ్ళు రాలేదు.
తర్వాత అవీ వచ్చేయి.

నాడా లాగుదామని వంగిన హైమ చెయ్యి
పట్టుకుని ఆపేను.
తాగనీ.

సరిగ్గా అప్పుడే అసలు పులి వచ్చింది
బీడీ ముట్టించుకోడానికి,
తన తోక గొడుగులా చంకలో పెట్టుకుని.
గురుమూర్తి చూసేడు.
వెలిగించిన పుల్ల వేళ్ళ దాకా కాలింది.
"ఎవులు కుట్టేరు?"
హైమ నన్ను చూపించింది.
"సారలు వంకరగున్నాయి" అన్నాడు.
"అది తిన్నగా నిలబడితే కదా" అన్నాను.
బీడీ చెవి వెనక పెట్టుకుని
సందు బయటికెళ్ళి తాగేడు,
పొగ ఇటు రాకుండా.

గురువారం కనకరత్నం గారొచ్చి
జాకెట్టు బిగుతయిందని పేచీ పెట్టి,
నా పుస్తకం లాక్కుని
తన పేజీ తిప్పింది.
"ఈ బూరె ఎవులే? నాకంటే సన్నం!"
"బాలింత" అన్నాను.
"అయ్యో. కూలి తీసుకోలేదు గదా?"
తీసుకోకేం.
ఆ మూడు రోజుల్లో నా టేపు మొదట్లో
రెండించీలు నమిలి మింగేసింది.
ఇప్పుడు ఊళ్ళో ఎవరికి కొలిచినా
మూడు దగ్గర మొదలుపెట్టి
రెండు తీసేస్తున్నాను.
కనకరత్నం గారికి మాత్రం
ఒకసారి తీయడం మరిచేనేమో,
రెండుసార్లు తీసేనేమో.